మందు వేసుకున్నారా?

ములకలపల్లిలో సునంద ఏం పని చేస్తుందో ఊరికి తెలియదు. ఊరికి తెలిసిందల్లా ఆమె ఇంట్లోనే ఉంటుందని. ఇంట్లోనే ఉంటుంది కాబట్టి పక్కింటివాళ్ళ గ్యాస్ బండ ఆమే దింపించుకోవాలి. కరెంటు బిల్లు కొట్టేవాడు వస్తే వీధి వీధంతటి కాగితాలూ ఆమే తీసి ఉంచాలి. ఎదురింటి జంపక్క అయితే చేనుకి పోతూ పోతూ మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలను కూడా ఆమెకే అప్పజెప్పి పోతుంది. అడవి అంచు ఊరు కదా, కోతులకి వేళాపాళా ఉండదు.

"జర సూస్తుండు సునందా. నువ్వు ఇంట్ల ఖాళీనే గద" అంటుంది జంపక్క.

ఆ ఖాళీగా ఉన్న మనిషి అప్పుడు బట్టలుతికే మిషను తలుపు ఎలా మూయాలో తెలుగులో రాస్తూ ఉంటుంది. ఆమె ఇంట్లో ఆ మిషను లేదు. ఇంటిల్లిపాది బట్టలూ ఆమే బండ మీద ఉతుకుతుంది. అయినా ఆ మిషను కొనుక్కున్న తెలుగువాళ్ళెవరూ తలుపులో వేళ్ళు నలగ్గొట్టుకోకుండా ఉన్నారంటే అది సునంద చలవే.

అనువాదం అంటే ఏమిటో అత్తకి ఒకసారి విడమరచి చెప్పింది. అత్త అనంతమ్మ వరసకే అత్త కాదు, సునందకి సొంత మేనత్త. బోనకల్‌లో పుట్టి, బొగ్గు గని కార్మికుడిని చేసుకుని ఈ వైపు వచ్చి, మాటా మనిషీ పూర్తిగా ఇక్కడిదైపోయింది. ఆమె కోడలు చెప్పినదంతా శ్రద్ధగా విని, మర్నాడు బోరింగు దగ్గర నలుగురికీ చాటింది.

"మా కోడలు మాటలు మారుస్తది. పైసలిస్తరు."

మాట మార్చడం అంటే తెలుగు నేల మీద ఎక్కడైనా ఒకటే అర్థం. నిన్న అన్నమాట ఇవాళ అనలేదని దబాయించడం. దానికి పైసలు కూడా ఇచ్చే కంపెనీలున్నాయా అని ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. కొన్నాళ్ళపాటు సునంద ముందు ఆచితూచి మాట్లాడారు కూడా.

ఇక ఆ పని ఎలా సాగుతుందో చెప్పాలి. సిగ్నల్ వంటింటి కిటికీ దగ్గరే దొరుకుతుంది. అందుకని బల్ల అక్కడే, లాప్‌టాప్ అక్కడే, పొయ్యి పక్కనే. ఒక చెవిలో ఇంగ్లీషు వాక్యం, ఇంకో చెవిలో కుక్కరు కూత, వెనకనుంచి కూతురు లాలి "అమ్మా, మేఘం రంగేంది" అని ప్రశ్న, ముందు గదిలోంచి అత్త కేక. అడకత్తెరలో పోకచెక్కకైనా రెండు వైపులే. ఒకనాడు ఏదో బ్యాంకు పని చేస్తూ, పప్పు రుచి చూస్తూ, "మీ ఖాతాలో ఉప్పు తక్కువగా ఉంది" అని కొట్టేసింది. పంపే ముందు కంటబడింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు పప్పులో నిజంగానే ఉప్పు లేదు. ఏది ఇంటి సంగతి, ఏది పని సంగతి అన్నది ఆమె తలలో అప్పటికే కలిసిపోయి చాలా కాలమైంది. విడదీయడానికి తీరిక కావాలి, ఆ తీరికే లేదు.

ఆమె మొగుడు చందర్ బొగ్గు లారీ నడుపుతాడు. మంచివాడు. మంచివాడే కానీ తాగేవాడు. తాగితే మాటలు ఎక్కువయ్యేవి, చనిపోయిన తండ్రిని తలుచుకుని ఏడ్చేవాడు, తర్వాత నిద్రపోయేవాడు. ఎవరినీ కొట్టింది లేదు, తిట్టింది లేదు. అదే పెద్ద సౌకర్యమన్నట్టు ఇంట్లోవాళ్ళూ సర్దుకుపోయారు. పోయిన ఏడు ఒక సాయంత్రం లాలిని బడినుంచి బండి మీద తెస్తూ తెస్తూ రోడ్డు పక్క గుంతలోకి దిగిపోయాడు. పిల్లకి మోచెయ్యి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత చాలా రోజులు లాలి తండ్రి బండి ఎక్కనంది. ఏడవలేదు, మారాం చేయలేదు, ఊరికే ఎక్కనని తల అడ్డంగా ఊపి పుస్తకాల సంచి పట్టుకుని నడిచిపోయింది.

ఆ తల ఊపడం చందర్‌ని కదిలించింది. భద్రాచలం పోయి, గోదాట్లో మునిగి, రామయ్య మీద ఒట్టు పెట్టుకుని మానేశాడు. గోదావరిలో మునిగి మానేసి, పాల్వంచ దాటేలోపు మళ్ళీ మొదలుపెట్టిన మహానుభావులు ఆ వైపు బోలెడుమంది. చందర్ వాళ్ళలో చేరలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సునంద అతని చెయ్యి పట్టుకుని, "నువ్వు బాగుంటేనే ఇల్లు బాగుంటది బావా" అంది. దసరా పోయింది, ఎండాకాలం వచ్చింది. లాలి మళ్ళీ బండెక్కింది. ఇంటికి ఊపిరి తిరిగొచ్చింది.

ఆ ఊపిరి ఎప్పుడు ఆగిపోతుందోనని సునందకి లోపల ఒకటే బెదురు. అయినా తాగావా అని ఒక్కనాడూ అడగలేదు. దానికో కారణముంది. అంతకుముందు ఏదో ఆసుపత్రి కరపత్రం ఒకటి తెలుగు చేసింది. "తాగుడు మానేసినవారిని అనుమానంతో పదే పదే ప్రశ్నించకండి" అని అందులో ఉంది. అది ఆమె చేత్తోనే రాసిన వాక్యం. తను రాసిన వాక్యాన్ని తనే నమ్మడం అనువాదకులకి ఉండకూడని జబ్బు. సునందకి ఆ జబ్బు గట్టిగానే పట్టింది. అతను ఇంటికొస్తే అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, మొహం వైపు ఓసారి చూసి మళ్ళీ లాప్‌టాప్ దగ్గరికి పోయేది. అడగకపోవడమే ప్రేమ అనుకుంది పాపం.

ఇలా ఉండగా అరుణశ్రీ ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఉండి సునందకి పని పంపేది ఆవిడే. "సునందా, చిన్నదే, కానీ అర్జెంటు" అంది. అరుణశ్రీ పంపే పనులన్నీ చిన్నవే, అన్నీ అర్జెంటే. ఒక ఆరోగ్య సంస్థ బీపీ, షుగర్ ఉన్నవాళ్ళ ఫోన్లకి రోజూ సాయంత్రం ఒక మెసేజ్ పంపుతుందట. మందులు వేసుకున్నారో లేదో అడుగుతుందట. ఒక్క మెసేజ్‌లోనే అంతా పట్టాలి. గోప్యత కాబట్టి మనిషి పేరు ఉండకూడదు, రోగం పేరు ఉండకూడదు.

సునంద మొదట "గోలీలు వేసుకున్నారా" అని రాసింది. అత్త రోజూ అనే మాట అదే. పైనుంచి చూసే రివ్యూయర్ తిప్పికొట్టాడు, గోలీలంటే పిల్లలు ఆడుకునేవి అని. పుట్టింటి మాట గుర్తొచ్చి "బిళ్ళలు" అంది. అది పల్లెటూరి మాటలా ఉందన్నాడు. పల్లెటూరివాళ్ళకి పంపే మెసేజ్ పల్లెటూరి మాటలా ఉండకుండా ఇంకెలా ఉండాలో సునందకి అర్థం కాలేదు. "మాత్రలు" అంటే, కొందరు సూదులు కూడా వేసుకుంటారు కాబట్టి తప్పన్నాడు. చివరికి "మందులు" దగ్గర ఆగారు. తీరా చూస్తే మెసేజ్ పొడవు ఎక్కువైంది. తెలుగుకి ఆ లెక్క మరీ దుర్మార్గం. గుడి ఒకటి, కొమ్ము ఒకటి, వత్తు ఇంకొకటి, అన్నీ విడివిడిగా లెక్కేస్తారు. ఇంగ్లీషువాడు నాలుగు మాటలు చెప్పే చోట మనం రెండు చెప్పి నోరు కట్టుకోవాలి.

పాలు పొంగుతున్నాయి. లాలి పలక మీద నీళ్ళు ఒలకబోసింది. "సునందా, నా సెప్పులేవే" అని అత్త కేకేస్తోంది. ఆ రోజు బడిలో బీపీ షుగర్ క్యాంపు పెట్టారు, ఆవిడ పోవాలి. "నేను తీస్కపోతలే" అని చందర్ బండి తీస్తున్నాడు. సునంద ఒక చేత్తో పాలు దించి, రెండో చేత్తో ఇంగ్లీషు చూసింది. అక్కడ మందు అని ఏకవచనమే ఉంది. "లు" తీసేసింది. ఒక్క "లు" పోతే ఏమవుతుందిలే అనుకుంది. చివర కుటుంబం గురించి ఒక ముక్క కావాలన్నారు, నాలుగు రకాలుగా రాసి చూసింది, ఏదీ బాగాలేదు. తను బస్సులో అన్నమాటే కాస్త మర్యాదగా మార్చి పెట్టేసింది.

"నమస్తే. ఈరోజు మందు వేసుకున్నారా? అవును-1, లేదు-2 పంపండి. మీరు బాగుంటేనే ఇల్లు బాగుంటుంది."

రివ్యూయర్ శభాష్ అన్నాడు. అనంతమ్మ క్యాంపునుంచి గోలీల సంచితో తిరిగొచ్చింది. సునంద ఇంకో పనిలో పడింది.

తర్వాత కొన్నాళ్ళకి చందర్ మారిపోయాడు.

మొదటిరోజు సాయంత్రం ఇంటికొస్తూనే ఫోన్‌ని మంచం మీదకి విసిరాడు. సునంద చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. ఒకటి తీసింది.

"కొట్టిన. రెండు కొట్టిన. ఇప్పుడు నీ మనసు సల్లబడ్డదా?" అన్నాడు.

సునంద రెండోదీ లాగేసింది. "ఏంది బావా?" అంది.

"ఏం లేదు. నీ పని నువ్వు చేస్కో" అని తువ్వాలు తీసుకుని స్నానానికి పోయాడు.

మర్నాడూ అదే తంతు. "ఇయ్యాల గూడ రెండే కొట్టిన. రోజు రెండే కొడత. రాస్కో" అన్నాడు.

రాసుకోవడం ఆమె పనే కానీ ఏమని రాసుకోవాలి? రెండు కొట్టడం అంటే బొగ్గు గనుల చుట్టుపక్కల చంటిపిల్లాడు కూడా చెబుతాడు, రెండు పెగ్గులని. కానీ రెండు పెగ్గులు వేసిన మొగుడు ఇంటికొచ్చి ఇంత రోషంగా, ఏదో ఘనకార్యం చేసినట్టు ఒప్పజెబుతాడా? తూలడం లేదు. మాట తడబడటం లేదు. తాగితే ఎక్కువ మాట్లాడేవాడు, ఇప్పుడు అసలు మాట్లాడటం లేదు. అంటే తాగనట్టా? తాగకపోతే ఆ రెండూ ఏమిటి? నాలుగు ఇంగ్లీషు నిఘంటువులు చూసి అర్థాలు తీసే మనిషికి సొంత మొగుడు అన్న ఒక్క తెలుగు ముక్కకి అర్థం దొరకలేదు.

అత్తనడిగింది. అనంతమ్మ వాకిట్లో కూచుని చింతపండు గింజ తీస్తోంది.

"అత్తమ్మా, బావ రెండు కొట్టిన అంటుండు. రోజు అంటుండు."

కత్తిపీట మీద అనంతమ్మ చెయ్యి ఆగింది. "ఎవరిని?" అంది.

"ఎవరినేంది?"

"ఎవరిని కొట్టిండు? లారీల కాడ లొల్లులైతనే ఉంటయ్. రెండు కొట్టిండంటే అవతలోడు ఎన్ని కొట్టిండో! ఒంటి మీద దెబ్బలున్నయేమో సూసినవా?"

ఒక అనుమానంతో పోతే రెండో అనుమానం చేతిలో పెట్టి పంపింది. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ సునంద మొగుడి చేతులు తిప్పి తిప్పి చూసింది. గ్రీజు తప్ప దెబ్బ లేదు. "ఏం సూస్తున్నవ్?" అన్నాడు. "ఏం లేదు" అంది. ఆ ఇంట్లో ఆ రోజుల్లో అందరూ అందరితోనూ ఏం లేదనే అంటున్నారు.

పని కూడా పాడైంది. రాసిన వాక్యం తిరిగి చదివితే ఎవరో వేరేవాళ్ళు రాసినట్టుండేది. ఏదో టీవీ కంపెనీ పనిలో "బటన్‌ను రెండుసార్లు నొక్కండి" అన్న చోట "రెండుసార్లు కొట్టండి" అని రాసి పంపించింది. "సునందా, ఇంట్లో అంతా ఓకేనా?" అని అరుణశ్రీ అడిగింది. ఓకే అంది. అరుణశ్రీకి ఆ మాట చాలు, వెంటనే ఇంకో చిన్న అర్జెంటు పంపింది.

ఒకనాడు చందర్ అంగీ విప్పి కొక్కేనికి తగిలించి బావి వైపు పోయాడు. సునంద అటూ ఇటూ చూసి ఆ అంగీ అందుకుంది. కాలరు దగ్గర వాసన చూసింది. బొగ్గు, డీజిల్, చెమట. జేబు దగ్గర చూసింది. ఏదో తీపి వాసన, జానీ ఇచ్చే సోంపు పొట్లం అయ్యుండాలి. జానీ అంటే చందర్‌తో లారీ నడిపే స్నేహితుడు. మళ్ళీ కాలరు దగ్గరికి వచ్చింది. తలెత్తేసరికి చందర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

అతను అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. దగ్గరికొచ్చి ఆమె చేతిలోంచి అంగీ తీసుకుని, బకెట్లో వేసి, సబ్బు పొడి చల్లి, తనే నానబెట్టాడు. పెళ్ళయ్యాక అతను బట్టలు నానబెట్టడం అదే మొదటిసారి. సునందకి సిగ్గుతో మొహం మండిపోయింది. ఏదో ఒకటి చెప్పాలనుకుంది. క్షమించమనాలా, నిలదీయాలా తేలలేదు. ఈలోపు ఫోన్ మోగింది.

మర్నాడు చందర్ చీకటి పడ్డాక వచ్చాడు. అన్నం వద్దన్నాడు. బయట మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సునందకి పొద్దుటికల్లా ఇవ్వాల్సిన పని ఉంది. అలసిపోయాడేమో అనుకుని చెంబుతో నీళ్ళు తెచ్చి మంచం కింద పెట్టి, దగ్గరికి వంగకుండానే లోపలికి పోయింది. నిన్నటి వాసన సంగతి తర్వాత వంగి చూడటానికి ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత రెండో రోజు చందర్‌కి సెలవు. పొద్దున్నే వాకిట్లో బండి చైనుకి నూనె పెడుతున్నాడు. అనంతమ్మ గడప దగ్గర కూచుని చాయ్ తాగుతోంది. సునంద కిటికీ దగ్గర పనిలో ఉంది. అప్పుడొచ్చింది హేమ్లి. పక్క తండా అమ్మాయి, ఆ ఆరోగ్య సంస్థ తరఫున ఇల్లిల్లూ తిరిగి బీపీ, షుగర్ వాళ్ళని కనిపెట్టుకుని ఉంటుంది. భుజాన సంచి, చేతిలో ఫోన్, మొహంలో కోపం.

"అమ్మమ్మా, నువ్వు గోలీలెందుకు వేస్కుంటలేవే?" అంది వస్తూనే.

"ఎవడన్నడు?" అని అనంతమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది. "పొద్దుగాల ఒకటి, పొద్దుగూకినంక ఒకటి మింగుతనే ఉన్న. గా సంచిల ఖాళీ అట్టలు సూడు పోరి! తేరగొచ్చిన గోలీలని పారేసేదాన్ననుకున్నవా?"

"మరి ఫోన్ల రోజు లేదు లేదు అనే వస్తుంది. నీ పేరు మీద ఎర్ర గుర్తు పడ్డది. సార్లు నా మీద గరమైతున్రు."

"నాకు ఫోనే లేకపాయె!"

"చందరన్న నంబరిచ్చిండు గద క్యాంపుల. రోజు మెసేజ్ వస్తది."

చైను మీద చందర్ చెయ్యి ఆగిపోయింది. "ఏం మెసేజ్?" అన్నాడు.

హేమ్లి ఫోన్ తీసి బడిపిల్లలా గట్టిగా చదివింది. "నమస్తే. ఈరోజు మందు వేసుకున్నారా? అవును ఒకటి, లేదు రెండు పంపండి. మీరు బాగుంటేనే ఇల్లు బాగుంటుంది."

కిటికీ దగ్గర సునంద చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు వాటంతట అవే ఊడిపడ్డాయి. తను రాసిన వాక్యం తన వాకిట్లోకే వచ్చి నిలబడి తననే పలకరిస్తే ఎలా ఉంటుందో ఆమెకి అప్పటిదాకా తెలియదు. కళ్ళతో చూసినప్పుడు మెసేజ్ బాగానే ఉంది. చెవితో విన్నప్పుడు వేరే మాటే వినిపించింది. మందు వేసుకున్నారా. మందులు కాదు, మందు. "లు" అన్న ఒక్క అక్షరం పాల పొంగులో కొట్టుకుపోయి, గోలీ కాస్తా సీసా అయి కూచుంది.

"ఇది... అమ్మ గోలీల కోసమా?" అన్నాడు చందర్.

"మరి దేనికనుకున్నవన్నా?"

మొదట అర్థమైంది అనంతమ్మకే. ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత కొంగూ ఆగలేదు, నవ్వూ ఆగలేదు. "ఓరి నీ తెలివి తెల్లారిపోను! నా గోలీలడిగితే నీ సీసా అనుకున్నవా! రెండు కొట్టిన, రెండు కొట్టిన అంటే ఇదా!" అంది కళ్ళు తుడుచుకుంటూ.

హేమ్లి కూడా నోరు తెరిచి, ఒక్కసారిగా తల పట్టుకుంది. "అయ్యో, అందుకేనా! మా తండల తాతలందరు రోజు ఒకటి కొడుతున్రు. ఒక్క దినం గూడ తప్పలే. సార్లేమో తండల మగోళ్ళు మంచిగ మందులేస్కుంటున్రు, ఆడోళ్ళే మొండికేస్తున్రు అని మీటింగుల మెచ్చుకున్రు. మా ఆదినారాయణ తాతైతే, సర్కారోళ్ళు నా మంచి అడుగుతున్రు బిడ్డా, ఏస్కున్న అని చెప్పిన అనె!"

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. సునంద బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది. ఎన్ని రోజులుగానో బుర్ర తినేసిన ఆ రెండుకి అర్థం దొరికింది. రెండంటే లేదు. అతను రోజూ ఇంటికొచ్చి, తాగలేదు, తాగలేదు అని ఆమెకి చెబుతున్నాడు. ఆమె ఆ అంగీ వాసన చూసింది.

ఆ మాట పూర్తిగా లోపలికి దిగకముందే హేమ్లి ఇంకో ప్రశ్న వేసింది.

"అయినా అన్నా, అన్నిదినాలు రెండు కొట్టి, మొన్న ఒక్కనాడు ఒకటెందుకు కొట్టినవ్? ఆ ఒకటి చూసే నేను, అమ్మమ్మ అప్పుడప్పుడన్న ఏస్కుంటుందిలే అనుకున్న."

చందర్ తలెత్తలేదు. నూనె డబ్బా మూత బిగించాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు. అనంతమ్మ నవ్వు కొంచెంకొంచెంగా ఆగింది. సునందకి ఆ రాత్రి బయటి మంచం, గోడ వైపు తిరిగిన వీపు, తను వంగకుండా పెట్టిన చెంబు కళ్ళముందు నిలిచాయి.

"అది నేను కొట్టిన" అంది సునంద. "ఆ దినం బావ ఫోన్ నా దగ్గరుండె. అత్తమ్మ గోలీలకే అనుకుని ఒకటి కొట్టిన."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది ఎటునుంచి చూసినా అతకలేదు. ఆ సంగతి తెలిసినదానివి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని హేమ్లి అడిగితే నోరు మూతబడేదే. హేమ్లి అడగలేదు, ఆమెకి ఇంకా చాలా ఇళ్ళు తిరగాలి. అనంతమ్మ అడగలేదు. కోడలి మొహం చూసింది, కొడుకు వీపు చూసింది, చాయ్ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

హేమ్లి వెళ్ళిపోయాక సునంద అరుణశ్రీకి మెసేజ్ పెట్టింది. తప్పు తనదేనని, ఆ "లు" వెంటనే తిరిగి చేర్చాలని, ఎందుకో వివరంగా రాసింది. ఆ పని ఉంటుందో పోతుందో తెలియదు. ఆ క్షణంలో దాని గురించి బెంగపడటానికి కూడా ఆమెకి తీరిక లేకపోయింది. చందర్ ఇంకా వాకిట్లోనే ఉన్నాడు.

"నేను కొట్టింది నువ్వు కొట్టిన అన్నవెందుకు?" అన్నాడు, ఆమె దగ్గరికి రాగానే.

"అత్తమ్మ ముందర..."

"అమ్మకు తెల్వదా? మొన్న తెల్లారి నా మొఖం సూసి మజ్జిగ కలిపిచ్చింది. ఒక్క మాటనలే." గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా నూనె పోలేదు. "అబద్ధమాడొద్దనే గద నేను ఒకటి కొట్టింది. నువ్వడిగినవ్ అనుకున్న."

"నేను కాదు బావా, అది కంపెనీ..." అని ఆగింది సునంద. కాదు అంటే అబద్ధం. అవును అంటే అంతకన్నా పెద్ద అబద్ధం. ఆ మాటలు ఆమెవే, ఆ ప్రశ్న మాత్రం ఆమెది కాదు. ఎవరో డబ్బులిచ్చి రాయించుకున్న ప్రశ్న. రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలో ఆమెకి అర్థం కాలేదు.

"మెసేజ్ కింద, ఇల్లు బాగుంటుంది అని ఉంటే నువ్వే అనుకున్న" అన్నాడు చందర్. "బస్సుల నువ్వు నాకన్న మాట గది. ఇంకెవరికి తెలుసు? నోటితోటి అడగనీకి మనసొప్పక ఫోన్ల పెట్టించినవనుకున్న. కోపమొచ్చింది. జానీ ఒకనాడు టీ హోటల్ల అందరికి చదివి వినిపించిండు, ఒకటే నవ్వుడు. సచ్చిపోవాలనిపించింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"రోజు చెప్తనే ఉన్న గద, రెండు కొట్టిన అని." అతను నవ్వబోయి మానుకున్నాడు. "అయినా నిజం చెప్తున్న సునందా. కోపమొస్తుండె గని, పొద్దుగూకంగనే ఫోన్ సూసేటోన్ని. లేదు అని కొడితే మంచిగనిపించేది. ఇయ్యాల గూడ గట్టెక్కిన అని ఒకలకు చెప్పుకున్నట్టుండె. ఇంట్ల ఎవ్వరు అడగకపోతిరి. మానేసిన కాన్నుంచి ఒక్కలు అడగలే. నేను తాగినా తాగకున్నా మీకు ఒకటేనేమో అనిపిస్తుండె."

సునందకి తను తెలుగు చేసిన కరపత్రం గుర్తొచ్చింది. ప్రశ్నించకండి అని రాశారు కానీ, ప్రశ్నించకపోతే ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దం పేరుకుంటుందో అందులో ఎక్కడా రాయలేదు. లేక రాశారో, తనే హడావుడిలో సరిగ్గా చదవలేదో. జిల్లాలో పేరు తెలియని ముసలివాళ్ళందర్నీ రోజూ పలకరించింది, పక్కన పడుకునే మనిషిని వదిలేసింది. ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

"మార్చేస్తరు బావా. ఇగ గట్ల రాదు" అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"అవ్, మారుస్తరు." చందర్ గుడ్డ పక్కన పడేసి బండి మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "అమ్మ గోలీలు అమ్మనడుగుతరు. మరి నన్నెవరడుగుతరు?"

సునంద అతనికి ఎదురుగా నిలబడింది. ఎలా అడగాలో తెలియలేదు. మర్యాదగా అడగాలా, మెత్తగా అడగాలా, ఏ మాట ముందు పెట్టాలి? ఇన్నేళ్ళుగా అందరి ప్రశ్నలూ చక్కదిద్దిన మనిషి నోట్లో సొంత ప్రశ్న ముక్కలు ముక్కలైంది. చివరికి ఎలా వచ్చిందో అలాగే అడిగింది.

"మొన్న ఎందుకు తాగినవ్ బావా?"

లోపల అనంతమ్మ గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది.

"ముందు దినం నువ్వు నా అంగీ వాసన సూసినవ్" అన్నాడు. "అప్పుడు గిట్లనే నోరు తెరిచి అడిగుంటే, తాగలే అని చెప్పేటోన్ని. అప్పటికి అది నిజమే గద."